గడ్డపార పట్టిన సిపాయి

మన చరిత్ర పుస్తకాల్లో యుద్ధం అంటే ఇద్దరు రాజులు, ఒక తేదీ, ఒక ఫలితం. ఫలానా సంవత్సరంలో ఫలానా రాజు ఫలానా కోటను పట్టుకున్నాడు అని రాసి ఉంటుంది. పరీక్షలో అదే రాస్తాం, మార్కులు వేస్తారు. కానీ ఎట్లా పట్టుకున్నాడు, ఆ గోడ దగ్గరికి మొదట పోయినవాళ్ళు ఎవరు, వాళ్ళ చేతుల్లో ఏముంది అని ఎవరూ అడగరు. నాకు ఈ ప్రశ్న పుస్తకం చదివి రాలేదు. ఒక కంప్యూటర్ ఆట ఆడి వచ్చింది. ఆ ఆట నేర్పినదాన్నీ, దాన్ని పట్టుకుని నేను వెనక్కి పోయి తెలుసుకున్న చరిత్రనూ ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ఆ ఆట పేరు స్టీల్ పాంథర్స్. 1995లో ఎస్.ఎస్.ఐ. అనే అమెరికా కంపెనీ దీన్ని విడుదల చేసింది. రూపకర్త గ్యారీ గ్రిగ్స్‌బీ. అంటే మనందరికంటే వయసులో పెద్దది. ఇప్పటి ఆటల్లాగా ఇందులో బొమ్మలు పరిగెత్తవు, రక్తం కారదు. పై నుంచి చూస్తున్నట్టు ఒక పటం, దాని మీద తేనెపట్టు లాంటి ఆరు మూలల గడులు. ఒక్కో గడి 50 గజాల నేల. చదరంగంలాగా నీ వంతు, తర్వాత ఎదుటివాడి వంతు. విషయం రెండో ప్రపంచ యుద్ధం. ట్యాంకులు, ఫిరంగులు, కాల్బలం, ఇంజనీర్లు అన్నీ ఉంటాయి. మా మామ కొడుకు పాత కంప్యూటర్‌లో దీన్ని నేర్చుకున్నాను.

కొత్తగా ఆడేవాళ్ళందరూ ట్యాంకులే కొంటారు. ట్యాంకు పెద్దది, దూరం నుంచి కొడుతుంది. కాల్బలం చూస్తే చిన్న చిన్న మనుషుల గుర్తులు, వాటి పక్కన 10 అని ఒక అంకె. అంటే ఆ గుంపులో 10 మంది ఉన్నారని అర్థం. కానీ పది ఆటలు ఆడితే తెలిసేది ఏమంటే, ఊరినీ అడవినీ గుట్టనీ పట్టుకుని నిలబెట్టుకునేది కాల్బలమే. ఇళ్ళ మధ్యకు పోయిన ట్యాంకు గుడ్డిది. పక్క సందులో దాక్కున్న పది మంది దాన్ని కాల్చి పారేస్తారు. ట్యాంకు ముందు కాల్బలం నడిస్తేనే ట్యాంకు బతుకుతుంది.

కాల్బలం గురించి ఆ ఆట చెప్పే పెద్ద పాఠం ఇంకొకటి ఉంది. ఒక గుంపు మీద కాల్పులు జరిపితే అందరూ చచ్చిపోరు. చాలాసార్లు ఒక్కరు కూడా చావరు. కానీ తల ఎత్తలేరు. ఆటలో ప్రతి గుంపుకీ ఎంత బెదిరింది అనే లెక్క ఉంటుంది. కొంచెం బెదిరితే సరిగ్గా కాల్చలేదు. ఇంకా బెదిరితే నేలకు అతుక్కుపోతుంది, ముందుకు పొమ్మన్నా పోదు. అంతకు మించితే వెనక్కి తిరుగుతుంది, చివరికి చెల్లాచెదురవుతుంది. దగ్గరలో మంచి నాయకుడుంటే ధైర్యం చెప్పి మళ్ళీ నిలబెడతాడు. కాబట్టి తుపాకి పని చంపడం ఒక్కటే కాదు, ఎదుటివాడి తల దించి ఉంచడం కూడా. ఒక గుంపు కాలుస్తూ శత్రువు తల దించి ఉంచితే, ఆ సందులో రెండో గుంపు నాలుగు అడుగులు ముందుకు వేస్తుంది.

ఇక ఇంజనీర్లు. ఈ ఆటలో వీళ్ళు మామూలు కాల్బలం కంటే ఖరీదు. దగ్గరికి పోతే వీళ్ళ దగ్గరుండే పేలుడు సంచులు, మంటలు చిమ్మే తుపాకులు ఎంత గట్టి కాంక్రీటు గూటినైనా దెబ్బ తీస్తాయి. కానీ దగ్గరికి పోవాలి. వీళ్ళ అసలు పని మందుపాతరలు తీయడం. పటం మీద మందుపాతరలు పరిచిన గడి అడ్డం వస్తే సైన్యమంతా అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఇంజనీర్ల గుంపును అక్కడికి పంపాలి. వాళ్ళు కదలకుండా, బెదరకుండా ఉంటే వంతు వంతుకీ కొన్ని కొన్ని పాతరలు తగ్గుతాయి. రెండు మూడు వంతులు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆడేవాడికి విసుగు. కానీ ఆ విసుగు ఓర్చుకోకపోతే ట్యాంకులన్నీ ఒకదాని వెనక ఒకటి పేలిపోతాయి.

ఇక్కడే నాకు రెండు దళాల సంబంధం అర్థమయింది. ఇంజనీర్లు పని చేసేటప్పుడు వాళ్ళ చేతిలో తుపాకి ఉండదు, పనిముట్టు ఉంటుంది. కాబట్టి వాళ్ళు పని చేస్తున్నంతసేపూ కాల్బలం శత్రువు తల దించి ఉంచాలి. కాల్బలం లేకపోతే ఇంజనీరు బతకడు. ఇంజనీరు లేకపోతే కాల్బలానికి దారి లేదు. ఈ సూత్రం ఆట తయారుచేసినవాళ్ళు కనిపెట్టింది కాదు, చరిత్రలో నుంచి తీసుకున్నది. మన చరిత్రలో కూడా ఉందా అని వెతికాను. ఉంది.

1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించాడు. ఈ యుద్ధం గురించి నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు వివరంగా రాసి పెట్టాడు. రాయలవారి మనుషులు గడ్డపారలు, గునపాలు పట్టుకుని కోటగోడ దగ్గరికి పోయి రాళ్ళు పెకలించినారట. పై నుంచి శత్రువులు కొడుతూనే ఉన్నారు. అయినా పోయినారు. ఎందుకంటే సేనానాయకులు రాయికి ఇంత అని డబ్బు ఇచ్చినారు. పెద్ద రాయి పీకి తెస్తే ఎక్కువ, చిన్న రాయికి తక్కువ. ఆ సమయంలో క్రిస్టోవావో ద ఫిగైరెదో అనే పోర్చుగీసువాడు తన తుపాకివాళ్ళతో వచ్చి చేరాడు. వాళ్ళు గోడ మీద తల కనిపిస్తే చాలు కాల్చినారు. గోడ మీదివాళ్ళు తల దించేసరికి కింద గడ్డపారవాళ్ళ పని సులువైంది. చివరికి కోట అధికారి పరిస్థితి చూద్దామని వంగినప్పుడు అతని తలకు గుండు తగిలింది. కోట లొంగిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తుపాకి తల దించి ఉంచుతుంది, గడ్డపార గోడ దించుతుంది. 1995 ఆటలో ఉన్న సూత్రమే 475 ఏళ్ళ ముందు రాయచూరులో నడిచింది. ఇంకో సంగతి. ఆ కోటను కాకతీయుల కాలంలో, 1294లో గోరె గన్నయ రెడ్డి కట్టించినట్టు అక్కడి గోడలో ఉన్న పెద్ద రాతి మీద శాసనం ఉంది. బండ్ల మీద ఎంతో కష్టపడి ఒకరు మోసుకొచ్చి పేర్చిన రాళ్ళను, 226 ఏళ్ళ తర్వాత ఇంకొకరు రాయికి ఇంత అని కూలి తీసుకుని పీకినారు. కట్టినవాళ్ళ చేతిలోనూ గడ్డపారే, కూల్చినవాళ్ళ చేతిలోనూ గడ్డపారే. కట్టించినవాడి పేరు రాతి మీద ఉంది. కూల్పించినవాడి పేరు పుస్తకంలో ఉంది. రాళ్ళు మోసిన ఒక్కరి పేరూ ఎక్కడా లేదు.

రెండో ఉదాహరణ గోల్కొండ. 1687లో ఔరంగజేబు సైన్యం దాదాపు 8 నెలలు ఆ కోట చుట్టూ కూర్చుంది. ఫిరంగులకు గోడలు లొంగలేదు. అప్పుడు మొఘలులు గోడ కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు నింపినారు. కానీ కోటలోవాళ్ళు ఊరుకోలేదు. లోపలి నుంచి ఎదురు సొరంగం తవ్వి, మందుగుండు కొంత తీసేసినారు, కొంత నీళ్ళు పోసి తడిపినారు. నిప్పు పెట్టినప్పుడు పేలుడు కోట వైపు కాకుండా బయటికి, మొఘలుల మీదికే తిరిగింది. చాలామంది చచ్చిపోయినారు. చివరికి కోట పడింది సొరంగంతో కాదు, లోపలివాడు ఒకడు డబ్బుకు అమ్ముడుపోయి తలుపు తీసినందుకు. ఈ కథలో మనం తానీషా పేరూ, అబ్దుల్ రజాక్ లారీ వీరత్వమూ చదువుతాం. భూమి లోపల చీకట్లో, చెవి మట్టికి ఆనించి శత్రువు తవ్వకం ఎక్కడని విన్నవాళ్ళ గురించి చదవం.

ఇప్పుడు మా ఊరికి దగ్గరగా వస్తాను. మాది హొసూరు వైపు. బెంగళూరు ఇక్కడికి 40 కిలోమీటర్లే. అక్కడ హలసూరు చెరువు పక్కన మద్రాసు సాపర్ల కేంద్రం ఉంది. సాపర్ అంటే కందకం తవ్వి కోట వైపు దారి చేసే సైనికుడు. 1780లో ఈస్టిండియా కంపెనీ మద్రాసులో పయనీర్లు అని రెండు కంపెనీలు మొదలుపెట్టింది. సైన్యానికి ముందు నడిచి చెట్లు కొట్టి, దారి చదును చేసి, వాగుకు వంతెన వేసే పని వాళ్ళది. అదే పెరిగి పెరిగి 1831లో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ అయింది. ఇప్పుడు భారత సైన్యంలో మద్రాసు ఇంజనీర్ గ్రూప్. ఇందులో చేరేది దక్షిణాదివాళ్ళు. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు అందరూ ఒకే పటాలం. వీళ్ళందరినీ ముద్దుగా తంబీలు అంటారు. తెలుగువాడైనా సరే తంబీనే. కంపెనీ కాలంలో ఆ తంబీలు ఎవరి రాజ్యం కోసం దారి వేసినారు అంటే, మనల్ని ఏలడానికి వచ్చినవాళ్ళ కోసం. ఇది కూడా చరిత్రే, దాచకూడదు.

ఈ కేంద్రం నుంచి పుట్టిన ఒక వస్తువు ప్రపంచమంతా తిరిగింది. 1912లో బెంగళూరులో మద్రాసు సాపర్లతో పనిచేస్తున్న కెప్టెన్ మెక్లింటాక్ ఒక పొడవాటి గొట్టం తయారుచేశాడు. అందులో పేలుడు పదార్థం నింపుతారు. గొట్టానికి గొట్టం అతికిస్తూ, పడుకునే ముళ్ళకంచె కిందికి తోస్తారు. పేలిస్తే కంచె తెగి దారి ఏర్పడుతుంది. కంచె దగ్గర లేచి నిలబడి కత్తిరించే అవసరం లేదు. దాని పేరే బెంగళూరు టార్పెడో. రెండేళ్ళకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ముళ్ళకంచెల యుద్ధం. 1944 జూన్ 6న ఫ్రాన్సు తీరంలో అమెరికా సైనికులు ఒమాహా అనే ఇసుక ఒడ్డున దిగినప్పుడు కూడా కంచెలు తెంచింది ఈ బెంగళూరు గొట్టాలతోనే. ఆ రోజు ఒడ్డున ఇనుప అడ్డంకులు పేల్చి 16 దారులు తెరవాలని ఇంజనీర్లకు పని ఇచ్చినారు. మొదటి గంటల్లో సగం కూడా తెరవలేకపోయినారు. ఎందుకంటే వాళ్ళను కాచుకోవలసిన కాల్బలమూ ట్యాంకులూ చాలా వరకు సముద్రంలోనో, వేరే చోటనో ఉండిపోయినాయి. కాపు లేని ఆ ఇంజనీర్లలో ప్రతి 10 మందిలో 4 మంది ఆ ఒక్క రోజులో చనిపోయినారు లేదా గాయపడినారు. పైన చెప్పిన సూత్రం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

సూత్రం పాటిస్తే ఎట్లా ఉంటుందో ఈజిప్టులోని ఎల్ అలమైన్ చెబుతుంది. 1942లో అక్కడ జర్మనులు, ఇటాలియన్లు దాదాపు 5 లక్షల మందుపాతరలు పూడ్చినారు. అక్టోబరు 23 రాత్రి బ్రిటిషు ఎనిమిదో సైన్యం కదిలింది. మన భారత నాలుగో డివిజను కూడా ఆ సైన్యంలోదే. మొదట ఫిరంగులు కాల్చినాయి. తర్వాత కాల్బలం ముందు నడిచింది. ట్యాంకుల కోసం పూడ్చిన పాతరలు మనిషి బరువుకు పేలవు కాబట్టి ఆ పనికి తేలిక పాదం అని అర్థం వచ్చే లైట్‌ఫుట్ అని పేరు పెట్టినారు. మనుషుల కోసం పెట్టిన పాతరలు కూడా మధ్యలో ఉన్నాయనుకోండి, అది వేరే మాట. వాళ్ళ వెనకే ఇంజనీర్లు. కొందరి దగ్గర పోలండు ఇంజనీరు కొసాకీ రూపొందించిన కొత్త పరికరం, ఇనుము ఉంటే చెవిలో మోగేది. మిగతావాళ్ళ దగ్గర బాయినెట్టు కత్తి మాత్రమే. మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకలో ఏటవాలుగా పొడుస్తూ, గట్టిగా తగిలితే చేత్తో ఇసుక తోసి, పాతరను నెమ్మదిగా పైకి తీయడం. ఒక్క ట్యాంకు పట్టే 24 అడుగుల దారికి తెల్లటి నాడా పరిచి, దీపాలు పెట్టుకుంటూ పోయినారు. స్టీల్ పాంథర్స్‌లో నాకు విసుగు పుట్టించిన రెండు మూడు వంతులు అంటే ఇదీ.

మనవాళ్ళలో ఇద్దరి గురించి తప్పకుండా చెప్పాలి. ప్రేమీంద్ర సింగ్ భగత్ బొంబాయి సాపర్ల యువ అధికారి. 1941లో ఇథియోపియాలో గోండార్ వైపు పోయే దారిలో 4 రోజులు వరసగా, 55 మైళ్ళ పొడవునా 15 మందుపాతరల పొలాలు వెతికి తీశాడు. అతను ఎక్కిన బండి పేలిపోయింది, ఒక చెవి కర్ణభేరి పగిలింది. ఇంకొకరిని పంపుతామంటే వద్దన్నాడు. విక్టోరియా క్రాస్ వచ్చింది. రెండోవాడు సుబేదార్ సుబ్రమణియన్, మద్రాసు సాపర్. కాంచీపురం దగ్గరి పల్లెవాడు. 1944లో ఇటలీలో పాతరలు తీస్తున్నప్పుడు తోటి జవాను ఒకడు పాతర తొక్కాడు. అది పైకి ఎగిరి పేలడానికి కొన్ని సెకన్లు పడుతుందని సుబేదారుకు తెలుసు. ఆ సెకన్లు పరిగెత్తడానికి వాడుకోవచ్చు. ఆయన పాతర మీద పడుకున్నాడు. ఆయన పోయినాడు, చుట్టూ ఉన్నవాళ్ళు బతికినారు. చనిపోయిన తర్వాత జార్జ్ క్రాస్ ఇచ్చినారు.

మా వీధిలో సాపర్లలో హవల్దారుగా పనిచేసి రిటైరైన తాత ఒకాయన ఉన్నాడు. ఈ వ్యాసం కోసం ఆయన దగ్గరికి పోయి ఆట సంగతి చెప్పాను. అంతా విని, "ఏమప్పా, ఆ ఆటలో నీ చేయి వణుకుతుందా?" అని అడిగాడు. లేదు తాతా అన్నాను. "మాకు వణికేది. వణికినా పని చేసేదే మాకు నేర్పింది. తుపాకివానికి కోపం ఉండొచ్చు. పాతర తీసేవానికి కోపం ఉండకూడదు, తొందర ఉండకూడదు. వెనక వెయ్యి మంది నిలబడి ఇంకెంతసేపు అంటుంటారు. వాళ్ళ మాట విన్నావంటే వాళ్ళే చస్తారు" అన్నాడు. తర్వాత కాసేపుండి, "దారి అయినాక మా మీద నుంచే పోతారు కదా, వెనక్కి తిరిగి ఎవరు చూస్తారు?" అని నవ్వాడు.

నేను ఆలోచించింది ఇది. ఆట ఆ పనిని ఇంజనీరు అని ఒక గుర్తు పెట్టి, ఒక అంకె ఇచ్చి చూపిస్తుంది. 10 ఉన్నది 7 అయితే ముగ్గురు పోయినారు. ఆడేవాడు ఆ అంకె చూసి వంతు ముగించు అని నొక్కుతాడు. నేనూ నొక్కేవాడినే. ఆట కాబట్టి తప్పు లేదు. కానీ చరిత్ర పుస్తకం ఆ అంకె కూడా ఇవ్వదు. రాయచూరు పట్టుబడెను, అంతే. ఆ లెక్కన ఆట పాఠ్యపుస్తకం కంటే ఒక మెట్టు మేలు. గోడ దానంతట అది పడదని, దారి దానంతట అది ఏర్పడదని చూపిస్తుంది. అయితే ఆటకు ఒక పెద్ద లోపం ఉంది. ఆఖరి వంతుతో ఆట ముగుస్తుంది, పటం మీద మిగిలిన పాతరలు కంప్యూటరు ఆపగానే మాయమవుతాయి. నిజంగా అట్లా జరగదు. ఎల్ అలమైన్ చుట్టుపక్కల ఎడారిలో ఆనాటి పాతరలు ఇంకా ఉన్నాయి. పశువులు కాసుకునేవాళ్ళు వాటికి బలైనారు. మనుషుల మీద వాడే మందుపాతరలను నిషేధించాలని 1997లో ఒట్టావాలో ఒప్పందం కుదిరింది. చాలా దేశాలు సంతకం చేసినాయి. మన దేశం, పాకిస్తాను, చైనా, రష్యా, అమెరికా చేయలేదు. పాతరలు పూడ్చేది ఒక రాత్రి పని. తీసేది తరాల పని.

సాపర్ల పని యుద్ధంతో ముగిసేది కూడా కాదు. వరదలొచ్చి వంతెన కొట్టుకుపోతే తాత్కాలిక వంతెన వేసేది వాళ్ళే. కొండ విరిగిపడితే దారి తీసేది వాళ్ళే. ఇంజనీరు దళం నినాదం సర్వత్ర, అంటే అన్నిచోట్లా. రాయచూరులో కోట కూల్చిన గడ్డపార, ఇప్పుడు బురదలో చిక్కుకున్న మనిషిని పైకి తీస్తుంది. అందుకే నాకు ఈ సిపాయి అంటే గౌరవం.

తోటి విద్యార్థులకు ఒక మాట. మనం ఉన్నది సరిహద్దు ఊళ్ళలో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో. మన తాతల పేర్లు ఏ రాష్ట్రం చరిత్ర పుస్తకంలోనూ సరిగ్గా పడవు. కానీ ప్రతి ఊళ్ళోనూ పటాలంలో పనిచేసి వచ్చినవాళ్ళు, చెరువులు తవ్వినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. ఏ సంవత్సరం, ఏ ఊరు, చేతిలో ఏ పనిముట్టు, పక్కన ఎవరు. ఇన్ని తెలిస్తే చాలు. రాయచూరులో రాయికి ఇంత అని కూలి తీసుకున్నవాళ్ళను అడగడానికి మనకు వీలు లేదు. మన వీధిలో ఉన్న తాతను అడగవచ్చు.